తక్కువ దూరం, భారీ విమానం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి తిరుపతికి ఆకాశమార్గాన సుమారు 420 కిలోమీటర్లు. టోక్యోలోని హనెడా విమానాశ్రయం నుంచి ఒసాకాలోని ఇటామికి ఇంకాస్త తక్కువే, సుమారు 400. మనవాళ్ళు తిరుపతికి ఏటీఆర్‌లోనో ఎయిర్‌బస్ ఎ320లోనో వెళ్తారు. జపాన్‌లో మాత్రం అంతే దూరానికి దశాబ్దాల పాటు 500 సీట్ల జంబో జెట్‌లు (బోయింగ్ 747లు) తిరిగాయి. ఇప్పటికీ 350 నుంచి 500 సీట్ల విమానాలు తిరుగుతున్నాయి. అదెలా సాధ్యం, అందులో కష్టం ఎక్కడుంది, మన దగ్గర ఎందుకు లేదు అని అడిగేవాళ్ళ కోసం ఈ జవాబులు.

ఇంత చిన్న ప్రయాణానికి అంత పెద్ద విమానం ఎందుకు?

రన్‌వే మీద చోటు లేక. దూరానికీ విమానం సైజుకూ సంబంధం ఉండాలని మనకు అనిపిస్తుంది గానీ, రద్దీ రూట్లలో లెక్క వేరు. గంటకు ఇన్నే టేకాఫ్‌లు, ఇన్నే ల్యాండింగులు అని విమానాశ్రయం పరిమితి పెడుతుంది. ఒక్కో అనుమతిని స్లాట్ అంటారు. స్లాట్లు పెరగవు, జనం మాత్రం పెరుగుతారు. అప్పుడు ఎయిర్‌లైన్‌కు మిగిలిన దారి ఒక్కటే: ఉన్న స్లాట్‌లోనే ఎక్కువమందిని ఎక్కించడం.

1970ల జపాన్ పరిస్థితి సరిగ్గా ఇదే. హనెడా సముద్రపు ఒడ్డున ఇరుక్కుపోయి ఉంది. నరీటా విమానాశ్రయం 1978లో గానీ తెరుచుకోలేదు. ఇటామి చుట్టూ ఇళ్ళే. ఉత్తరాన సప్పోరోకు రైల్లో వెళ్ళాలంటే మధ్యలో సముద్రం. ఒకినావాకు రైలు మార్గమే లేదు.

ఇప్పుడు ఏయే రూట్లలో ఇలాంటివి తిరుగుతున్నాయి?

ముందుగా చెప్పుకోవాల్సింది హనెడా నుంచి బయల్దేరే నాలుగు దారులు. సప్పోరో దగ్గరి షిన్ చిటోసెకు సుమారు 820 కి.మీ., ఫుకుఓకాకు సుమారు 880, ఇటామికి 400, ఒకినావాలోని నహాకు 1,550. ఈ దారుల్లో జపాన్ ఎయిర్‌లైన్స్ 369 సీట్ల ఎయిర్‌బస్ ఎ350-900ను 2019 సెప్టెంబరు 1న హనెడా–ఫుకుఓకాతో మొదలుపెట్టింది. ఆల్ నిప్పాన్ ఎయిర్‌వేస్ 2024లో 429 సీట్ల బోయింగ్ 787-10ను దేశీయ రూట్లలోకి తెచ్చింది. అంతకుముందు నుంచీ ఆ సంస్థ నడుపుతున్న 777-300లో 514 సీట్లు.

జపాన్ బయట కూడా ఉన్నాయి. సౌదీలో జెద్దా–రియాద్, వియత్నాంలో హనోయ్–హో చి మిన్ సిటీ, చైనాలో బీజింగ్–షాంఘై దారుల్లో రెండు నడవల పెద్ద విమానాలు మామూలే.

సీట్ల లెక్కన ప్రపంచంలో అత్యంత రద్దీ రూటు ఇవేవీ కావు. అది దక్షిణ కొరియాలోని సోల్ గింపో–జెజు, దూరం 450 కి.మీ. అక్కడ తిరిగేవి ఎక్కువగా 180–230 సీట్ల చిన్న జెట్‌లే. రద్దీ ఉన్నంత మాత్రాన పెద్ద విమానం రాదు అనడానికి ఇదే సాక్ష్యం. జెజులో ఆచరణలో వాడేది ఒకే రన్‌వే. అయినా చిన్నవే ఎక్కువ, ఎందుకంటే అక్కడ చాలా సంస్థలు పోటీ పడుతున్నాయి, వాటిలో ఎక్కువ వాటి దగ్గర పెద్ద విమానాలు లేవు.

747ఎస్‌ఆర్ అని వింటుంటాం. అది మామూలు 747 కాదా?

పైకి చూస్తే అదే. లోపల వేరు. ఎస్‌ఆర్ అంటే షార్ట్ రేంజ్. జపాన్ ఎయిర్‌లైన్స్ కోరిక మీద బోయింగ్ తయారుచేసింది. 1973 అక్టోబరులో టోక్యో–ఒకినావా మధ్య మొదటిసారి ప్రయాణికులతో ఎగిరింది. మొదట్లో 498 సీట్లు. తర్వాత, 1986లో, పై అంతస్తు పొడిగించిన రకం వచ్చింది. అందులో 563 సీట్లు.

మామూలు 747ను 20 ఏళ్ళలో 24,600 సార్లు ఎగిరేలా లెక్క కట్టారు. ఎస్‌ఆర్‌ను అదే కాలంలో 52,000 సార్లు ఎగిరేలా దిట్టం చేశారు. రెక్కల మొదలు, చక్రాల కాళ్ళు, ప్రయాణికులు కూర్చునే గొట్టం, అన్నిటికీ బలం పెంచారు. ఇంధనం మాత్రం తక్కువే నింపుతారు కాబట్టి టేకాఫ్ బరువు పరిమితిని తగ్గించారు.

747-400డి రెక్కల చివర పైకి వంగిన ముక్కలు ఎందుకు లేవు?

వింగ్‌లెట్ అనే ఆ ముక్క గాలి నిరోధాన్ని తగ్గించి ఇంధనం ఆదా చేస్తుంది. కానీ ఆ ఆదా గంటల తరబడి ఎత్తులో సాఫీగా ఎగిరినప్పుడే చేతికొస్తుంది. హనెడా–ఇటామి ప్రయాణంలో ఎక్కడమూ దిగడమూ పోగా మధ్యలో మిగిలేది కొద్ది నిమిషాలు. ఆ కాస్త కోసం వింగ్‌లెట్ బరువును రోజంతా మోయడం దండగ. పైగా అది లేకపోతే రెక్కల వెడల్పు 64.4 మీటర్ల నుంచి 59.6కు తగ్గుతుంది, ఇరుకు గేట్లలో అదొక సుఖం.

డి అంటే డొమెస్టిక్. 1991లో మొదలైన ఈ రకాన్ని 19 మాత్రమే కట్టారు. 8 జపాన్ ఎయిర్‌లైన్స్‌కు, 11 ఆల్ నిప్పాన్‌కు. టేకాఫ్ బరువు గరిష్ఠంగా 272 టన్నులు. దూర ప్రయాణపు 747-400కు అది 397 టన్నులు. చివరి 747-400డి 2014 మార్చి 31న నహా నుంచి హనెడాకు వచ్చి విశ్రాంతి తీసుకుంది.

విమానం వయసును ఏళ్ళలో కాక “సైకిల్స్”లో ఎందుకు చెబుతారు?

ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిస్తే ఒక సైకిల్. పైకి వెళ్ళేకొద్దీ బయటి గాలి పలచబడుతుంది, లోపల మాత్రం మనం పీల్చుకోగలిగే ఒత్తిడి ఉంచాలి. అంటే ప్రతి ప్రయాణంలో విమానపు గొట్టం బుడగలా కొంచెం ఉబ్బుతుంది, దిగాక మళ్ళీ సర్దుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే కొంతకాలానికి తెగినట్టే, రివెట్ల చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు మొదలవుతాయి. విమానం 800 కి.మీ. వెళ్ళిందా 12,000 వెళ్ళిందా అనేది గొట్టానికి పట్టదు. ఎన్నిసార్లు ఉబ్బింది అన్నదే లెక్క.

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళే దారిలో తిరిగే పెద్ద విమానానికి రోజుకు ఒకటో రెండో సైకిల్స్. జపాన్ దేశీయ రూట్లలో తిరిగేదానికి ఐదారు. ఒకే ఏడాదిలో కొన్న రెండు విమానాల్లో ఒకటి పదేళ్ళకే మూడు రెట్లు ముసలిదవుతుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో వీటికి ధర పలకకపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఇంజన్ది కూడా ఇదే కథ. అందులో తిరిగే చక్రాల ఆయుష్షు గంటల్లో కాదు, సైకిల్స్‌లో ముద్రించి ఉంటుంది. చల్లగా ఉన్న ఇంజన్‌కు టేకాఫ్‌లో ఒక్కసారిగా వేడి తగులుతుంది, గంట తిరక్కుండానే చల్లారుతుంది, మళ్ళీ వేడి. అందుకే రన్‌వే పొడవు, బరువు, గాలి అనుకూలిస్తే పైలట్లు పూర్తి శక్తి వాడరు. లెక్క కట్టి తగ్గించిన శక్తితోనే లేస్తారు. చిన్న ప్రయాణాల్లో విమానం తేలిక కాబట్టి ఈ అవకాశం ఎక్కువ.

1985 ప్రమాదం ఇలా ఎక్కువసార్లు ఎగరడం వల్లే జరిగిందా?

మూలకారణం అది కాదు. కానీ లోపాన్ని త్వరగా ముదరబెట్టింది మాత్రం అదే. ఈ రెండూ కలిపి అర్థం చేసుకోవాలి.

1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 హనెడా నుంచి ఇటామికి బయల్దేరింది. విమానం 747ఎస్‌ఆర్, లోపల 524 మంది. ఏడేళ్ళ ముందు, 1978లో, ఇదే విమానం ఇటామిలో దిగేటప్పుడు తోక నేలకు తగిలింది. వెనక భాగంలో ఒత్తిడిని ఆపే గుమ్మటం లాంటి గోడ దెబ్బతింది. దాన్ని బోయింగ్ బృందం బాగుచేసింది. రెండు భాగాలను కలిపే చోట ఒకే అఖండ పలక వెయ్యాలి. అప్పుడు బరువును రెండు వరసల రివెట్లు పంచుకుంటాయి. అక్కడ పలకను రెండు ముక్కలుగా వేశారు. దాంతో భారమంతా ఒక్క వరస మీద పడింది. బయటి నుంచి చూస్తే తేడా కనిపించదు.

ఆ మరమ్మతు తర్వాత విమానం 12 వేలకు పైగా సార్లు ఎగిరింది. ప్రతిసారీ ఆ వరస దగ్గర పగులు కాస్త కాస్త పెరిగింది. చివరికి గోడ తెగి, ఒత్తిడితో వెలువడిన గాలి తోక నిలువు రెక్కను ఊడగొట్టింది. విమానాన్ని అదుపు చేసే భాగాలను ద్రవపు ఒత్తిడితో కదిపే నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. పైలట్లు ఇంజన్ల శక్తిని హెచ్చుతగ్గులు చేస్తూ అరగంటకు పైగా విమానాన్ని గాలిలో ఉంచారు. 520 మంది చనిపోయారు, నలుగురు బతికారు. ఒకే విమానం ప్రమాదాల్లో ఇంతమంది పోయింది మరెక్కడా లేదు.

తక్కువ దూరపు భారీ విమానాల మరమ్మతులో పొరపాటుకు ఎందుకు క్షమ లేదో దీనివల్ల తెలుస్తుంది. అదే తప్పు దూర ప్రయాణపు విమానంలో జరిగితే అన్ని సైకిల్స్ పూర్తి కావడానికి ఇరవై ఏళ్ళు పట్టేది. మధ్యలో పెద్ద తనిఖీలు చాలా వచ్చేవి.

పెద్ద విమానం వెనక ఎక్కువ ఖాళీ వదలాలి కదా? అప్పుడు రన్‌వేకు లాభం ఏముంది?

మంచి ప్రశ్న, లెక్క వేసి చూద్దాం. 136 టన్నులు, ఆపై బరువుకు ధ్రువీకరించిన విమానాలన్నీ “హెవీ” వర్గం. వాటి రెక్కల వెనక గాలి సుడులు తిరుగుతుంది. హెవీ వెనక హెవీ వస్తే 4 నాటికల్ మైళ్ళ ఎడం ఉండాలి. హెవీ వెనక ఎ320 లాంటి మధ్యరకం వస్తే 5. మధ్యరకం వెనక మధ్యరకానికి 3 చాలు.

దిగే వేగం 140 నాట్లు, అంటే గంటకు 140 నాటికల్ మైళ్ళు అనుకుంటే, 4 మైళ్ళు దాటడానికి 103 సెకన్లు, అంటే గంటకు 35 విమానాలు. 3 మైళ్ళకు 77 సెకన్లు, గంటకు 46. ఇప్పుడు సీట్లతో గుణించండి. 400 సీట్ల హెవీలు 35 అంటే 14,000 మంది. 180 సీట్ల చిన్నవి 46 అంటే 8,280 మంది. ఎడం పెరిగినా గెలిచేది పెద్దదే.

చిక్కు వచ్చేది రెండూ కలిసినప్పుడు. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది అని వరస పెడితే ప్రతి చిన్నదాని ముందూ 5 మైళ్ళు ఖాళీ పోతుంది. అందుకే కంట్రోలర్లు వీలైనంతవరకు పెద్దవాటిని ఒక గుంపుగా, చిన్నవాటిని ఒక గుంపుగా దింపుతారు. ఇంకో సంగతి: విమానంలో సగం ఇంధనమే ఉన్నా, బరువు తక్కువే ఉన్నా వర్గం మారదు. కాగితం మీది గరిష్ఠ బరువే లెక్క. 272 టన్నులకు దించిన 747-400డి కూడా హెవీయే.

500 మందిని దింపి, మళ్ళీ 500 మందిని ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ వ్యాపారం నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. గాలిలో గంటన్నర ఉండే విమానం నేల మీద రెండు గంటలు కూర్చుంటే రోజుకు నాలుగైదు ప్రయాణాలకు మించవు. జపాన్‌లో పెద్ద విమానాన్ని గంటకు అటూ ఇటూగా తిప్పి పంపిస్తారు.

అంచనాకు వాడే అంకెలు ఇవి. ఒక తలుపు గుండా నిమిషానికి సుమారు 20 మంది దిగుతారు, 12 మంది ఎక్కుతారు. ఎక్కడమే నెమ్మది, ఎందుకంటే ప్రతివాళ్ళూ నడవలో ఆగి పైఅరలో బ్యాగు సర్దుకుంటారు. 500 మందికి ఒకే తలుపు వాడితే దిగడానికి 25 నిమిషాలు, ఎక్కడానికి 42, మొత్తం 67. మధ్యలో శుభ్రం చేసే సమయం ఇంకా కలపలేదు. రెండు ఏరోబ్రిడ్జిలు పెడితే అదే 12–13, 21 నిమిషాలకు దిగుతుంది. అందుకే ఈ రూట్లలో రెండు బ్రిడ్జిలు సౌకర్యం కాదు, అవసరం. ఒక బ్రిడ్జి పాడైతే ఆ రోజు ఆ విమానం టైమ్‌టేబుల్ మొత్తం జారిపోతుంది.

మిగతా పనులన్నీ దీనికి సమాంతరంగా నడవాలి. కింద సామాను అరలో పెట్టెలు విడివిడిగా ఉండవు, ఎల్‌డీ3 అనే అల్యూమినియం కంటైనర్లలో ఉంటాయి. ఒక్కోదానిలో 35–40 పెట్టెలు పడతాయి. 777-300లో ఇలాంటివి 44 పడతాయి. దేశీయ ప్రయాణికుల సామానుకు పది కంటైనర్లు చాలు. మిగతా చోటు సరుకుది, చిటోసె నుంచైతే చేపలూ రొయ్యలూ. ఒక్కో కంటైనర్‌ను దించడానికో ఎక్కించడానికో లోడర్‌కు ఒకటి, ఒకటిన్నర నిమిషం. ముందు అరకొకటి, వెనక అరకొకటి లోడర్ పెడతారు. అందులో ఒకటి మొరాయిస్తే సరుకును వదిలేసి సామాను మాత్రం ఎక్కించి పంపడం మామూలు.

భోజనం ఉండదు, తాగడానికి ఏదైనా ఇస్తారు. కాబట్టి వంట సామగ్రి ప్రతి ట్రిప్పుకూ మార్చరు. నీళ్ళు నింపడం, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చెయ్యడం రెండు మూడు ట్రిప్పులకు ఒకసారి.

ఆలస్యానికి ఎక్కువసార్లు కారణమయ్యేది మాత్రం చాలా చిన్న విషయం. లగేజీ ఇచ్చేసి గేటు దగ్గరికి రాని ఒక్క ప్రయాణికుడు. అతని పెట్టె ఏ కంటైనర్‌లో ఉందో వెతికి, దాన్ని బయటికి లాగి, తెరిచి, తీసి, మళ్ళీ ఎక్కించాలి. పదిహేను నిమిషాలు పోతాయి.

బ్రేకులు అంత తొందరగా చల్లారతాయా?

ప్రతిసారీ చల్లారవు, అదొక నిజమైన ఇబ్బంది. 777కు ప్రధాన చక్రాలు 12, 747కు 16. దిగినప్పుడు వాటి కార్బన్ బ్రేకులు కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతాయి. తర్వాతి టేకాఫ్‌ను మధ్యలో రద్దు చేయాల్సివస్తే పూర్తి బలం ఉండాలి, వేడి బ్రేకులకు అది ఉండదు. అందుకే కాక్‌పిట్‌లో ఉష్ణోగ్రత చూపిస్తుంది. పరిమితి దాటి ఉంటే విమానం కదలకూడదు.

దీనికి ఉపాయం దిగేటప్పుడే మొదలవుతుంది. పొడవాటి రన్‌వే ఉంటే తక్కువ ఆటోబ్రేక్ పెట్టి, ఇంజన్ గాలిని ముందుకు మళ్ళించే రివర్స్ థ్రస్ట్ వాడి, చివరి టాక్సీవే దగ్గర మలుపు తిరుగుతారు. తొందరపడి మొదటి మలుపులోనే బయటికి రావాలని గట్టిగా తొక్కితే, రన్‌వే మీద మిగిలిన అర నిమిషం గేటు దగ్గర ఇరవై నిమిషాలై తిరిగొస్తుంది. కార్బన్ బ్రేకులు తొక్కిన బలాన్ని బట్టి కంటే ఎన్నిసార్లు తొక్కారన్నదాన్ని బట్టి ఎక్కువ అరుగుతాయి. కాబట్టి టాక్సీలో మాటిమాటికీ తాకకుండా ఒకసారి గట్టిగా తొక్కి వదలమని నేర్పిస్తారు. టైర్లను రెండు మూడు వందల ల్యాండింగులకు మారుస్తారు. రోజుకు ఆరు ల్యాండింగులంటే రెండు నెలలు కూడా రావు.

విమానాశ్రయానికి ప్రత్యేకంగా ఏం కావాలి?

రన్‌వే పొడవు పెద్ద సమస్య కాదు. తక్కువ ఇంధనంతో ఉన్న పెద్ద విమానానికి 2,500 మీటర్లు చాలు. హనెడాలో 2010 అక్టోబరులో తెరిచిన డి రన్‌వే అంతే పొడవు. అది కొంత భాగం పూడ్చిన నేల మీద, కొంత భాగం స్తంభాల మీద ఉంటుంది. తమా నది నీరు కింద నుంచి సముద్రంలోకి పోవాలి కాబట్టి అలా కట్టారు.

అసలు ఇరుకు వెడల్పులో ఉంటుంది. రెక్కల వెడల్పును బట్టి విమానాలను కోడ్‌లుగా విభజిస్తారు. రెక్కలు 52 నుంచి 65 మీటర్ల లోపైతే కోడ్ ఇ, 65 నుంచి 80 లోపైతే కోడ్ ఎఫ్. 777-300ఈఆర్ 64.8 మీటర్లు, ఎ350-900 64.75. గీతకు ఇవతలే ఆగేలా ఉద్దేశపూర్వకంగా కట్టినవి. రెండంతస్తుల ఎ380 79.75 మీటర్లు. ఒక ఎ380 గేటు స్థలంలో 35.8 మీటర్ల ఎ321లు రెండు నిలబడతాయి. గేట్లు కొరతగా ఉన్నచోట ఈ లెక్క రన్‌వే లెక్క అంత ముఖ్యం.

తర్వాతి ఇరుకు లోపల. ఒకేసారి 500 మంది గేటు దగ్గర కూర్చోవాలి, ఒకేసారి బెల్టు దగ్గర నిలబడాలి, ఒకేసారి రైలెక్కాలి. ఫుకుఓకాలో విమానాశ్రయం నుంచి హకాటా స్టేషన్‌కు మెట్రోలో రెండే స్టాపులు. ఆ రూటు పెద్ద విమానాలను నింపగలగడానికి ఇదొక పెద్ద కారణం. టోక్యో నుంచి హకాటాకు బుల్లెట్ రైలు సుమారు ఐదు గంటలు.

రాత్రి ఆలస్యమైతే?

ఇటామి రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా మూత. రోజుకు 370 రాకపోకలకే అనుమతి. శబ్దం కారణంగా మూడు, నాలుగు ఇంజన్ల జెట్‌లను 2006 ఏప్రిల్ నుంచి అక్కడ నిషేధించారు. ఇటామికి జంబోలు ఆగిపోయింది అందుకే. ఫుకుఓకాకు రాత్రి 10 హద్దు.

ఉదయం ఒక ట్రిప్పులో 10 నిమిషాలు పోతే, ఆరో ట్రిప్పుకు అది ముప్పావు గంటై ఈ గడియారానికి ఢీకొంటుంది. 2023 ఫిబ్రవరి 19న హనెడా నుంచి మూడు వందలకు పైగా ప్రయాణికులతో వెళ్ళిన విమానం 10లోపు ఫుకుఓకా చేరలేకపోయింది. ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో దిగి, మళ్ళీ హనెడాకే తిరిగొచ్చింది. చిన్న విమానమైతే ఊళ్ళో హోటల్ గదులు దొరుకుతాయి, బస్సులు సరిపోతాయి. అర్ధరాత్రి 350 మందికి రెండూ దొరకవు. పెద్ద విమానపు ఆలస్యం పెద్దగానే ఉంటుంది.

మంచు పడితే ఏమవుతుంది?

చిటోసెలో శీతాకాలమంతా ఇదే ప్రశ్న. రెక్క మీద మంచు ఉండగా ఎగరకూడదు. ముందు వేడి ద్రవంతో కడిగి, తర్వాత చిక్కటి ద్రవం పూస్తారు. ఆ పూత కొంతసేపే కాపాడుతుంది. ఆలోపు టేకాఫ్ కాకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ మొదలు. 777 రెక్క వైశాల్యం సుమారు 428 చదరపు మీటర్లు, ఎ320ది 123. మూడున్నర రెట్ల ద్రవం, మూడున్నర రెట్ల పని. ఒక్క పెద్ద విమానం వరసలో నిలిచిపోతే వెనకున్న వాటి పూత కాలం తీరిపోతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో సప్పోరో నుంచి అదే రోజు అంతర్జాతీయ విమానం అందుకోవాలని ప్లాన్ చేసుకోవద్దు.

చిన్న ప్రయాణమే కదా, ఇంధనం గురించి బెంగ ఉండదేమో?

ఉంటుంది. దీనికి మన నేల మీదే జరిగిన ఉదాహరణ ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లోనే ఎ300 పెద్ద విమానాలను దేశీయ రూట్లలో దింపింది. 1993 నవంబరు 15న అలాంటి ఎ300 ఒకటి, ఐసీ 440, మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరింది. హైదరాబాద్‌లో మసకగా ఉండి దిగలేక పైకి లేచింది. ఆ సమయంలో ఫ్లాప్‌లు లోపలికి ముడుచుకోలేదు. తిరిగి మద్రాసు వెళ్దామనుకున్నారు. దిగడానికి రెక్కల వెనక చాచే ఫ్లాప్‌లు, చాచి ఉన్నంతసేపు గాలికి గొడుగు పట్టినట్టే. ఇంధనం మామూలు కంటే చాలా వేగంగా ఖర్చయింది. మద్రాసు అందక తిరుపతి దగ్గర వరిపొలంలో దించేశారు. అందులోని 262 మందీ బతికి బయటపడ్డారు.

ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి కావాల్సిన ఇంధనాన్ని లెక్క కట్టేది విమానం సవ్యంగా ఉందన్న ఊహ మీద. చిన్న రూట్లో మొత్తం ఇంధనమే తక్కువ, అందుకే ఇలాంటి లోపం వస్తే మిగిలే నిమిషాలూ తక్కువే. అలాగని ట్యాంకులు నిండా నింపలేరు. గంటలోపే దిగాలి కాబట్టి, దిగేటప్పుడు ఉండాల్సిన గరిష్ఠ బరువు దాటిపోతుంది.

అంతమంది ఉన్న విమానం నుంచి తప్పించుకోవడం సాధ్యమేనా?

సగం తలుపులే వాడి 90 సెకన్లలో అందరూ బయటపడాలన్నది ధ్రువీకరణ నియమం. 2006 మార్చిలో హాంబర్గ్‌లో ఎ380 నుంచి 873 మంది 78 సెకన్లలో బయటికొచ్చారు.

నిజమైన మంటల్లో ఎలా ఉంటుందో 2024 జనవరి 2న తెలిసింది. చిటోసె నుంచి హనెడాకు వచ్చిన ఎ350, రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొంది. అందులోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. ఎ350లోని 379 మందీ బతికారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. మైకు పనిచేయలేదు, సిబ్బంది మెగాఫోన్‌తో, నోటితో అరిచి చెప్పారు. చివరి మనిషి దిగేసరికి సుమారు 18 నిమిషాలు. ప్రయాణికులు పైఅరల్లోని బ్యాగులు వదిలేసి కదలడం అంతమందిని కాపాడింది. ఏ విమానంలోనైనా, ఏ దేశంలోనైనా ఆ మాట ఒక్కటి గుర్తుంచుకోండి: బ్యాగు వదిలెయ్యాలి.

ఎ380ను కూడా చిన్న రూట్లో వాడారా?

వాడారు. ఎమిరేట్స్ 2019 జులైలో దుబాయ్–మస్కట్ మధ్య మొదలుపెట్టింది. సుమారు 340 కి.మీ., గాలిలో 40 నిమిషాలు. నేల మీద అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. అక్కడ లెక్క స్థానిక ప్రయాణికులది కాదు. దుబాయ్‌లో దిగి లండన్‌కో అమెరికాకో మారేవాళ్ళది.

మన దగ్గర ఎందుకు లేదు? ఢిల్లీ–ముంబయి అంత రద్దీ కదా?

రద్దీయే. ముంబయిలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తాయి, ఒకేసారి రెండూ వాడలేరు. స్లాట్ల కొరత హనెడా కంటే తక్కువేం కాదు. అయినా మన సంస్థలు ఎక్కువగా ఎ320, ఎ321లనే వరసగా వేస్తాయి.

కారణం బరువులో ఉంది. 232 సీట్ల ఎ321నియో ఖాళీగా సుమారు 50 టన్నులు, సీటుకు 215 కిలోలు. 429 సీట్ల 787-10 సుమారు 135 టన్నులు, సీటుకు 315 కిలోలు. ఆ అదనపు వంద కిలోలు సముద్రాలు దాటడానికి కావాల్సిన రెక్కలూ ట్యాంకులూ చక్రాలవి. గంటన్నర ప్రయాణంలో అవి ఉత్త మోతబరువు. జపాన్ టికెట్ ధరలు ఆ మోతను భరించాయి. మన ధరలు భరించవు. పైగా పెద్ద విమానాన్ని గల్ఫ్‌కో యూరప్‌కో పంపితే ఎక్కువ సంపాదిస్తుంది. ఉద్యోగం మీద తిరిగేవాళ్ళకు కూడా మూడు గంటలకొక పెద్ద విమానం కంటే గంటకొక చిన్నదే నయం.

సదుపాయం లేక మాత్రం కాదు. 4,260 మీటర్ల రన్‌వే ఉన్న శంషాబాద్‌కు ఎ380 దిగడానికి కేంద్రం 2014 జనవరిలోనే అనుమతిచ్చింది, ఢిల్లీ, ముంబయి, బెంగళూరులతో పాటు.

జపాన్‌లోనూ ఇవి తగ్గిపోతున్నాయా?

సైజు తగ్గింది, పద్ధతి పోలేదు. హనెడాకు నాలుగో రన్‌వే వచ్చింది, నహాకు 2020లో, ఫుకుఓకాకు 2025లో రెండోది వచ్చింది. 2012 నుంచి చౌక విమానాలూ వచ్చాయి. నాలుగు ఇంజన్లు తాగే ఇంధనాన్ని ఎవరూ భరించలేదు. 560 సీట్లు 400కు దిగాయి. ఒసాకా దారిలో అసలు పోటీ బుల్లెట్ రైలుదే. ఒక్కో రైలుకు 1,323 సీట్లు, రెండున్నర గంటల లోపే, గంటకు పదికి పైగా రైళ్ళు. సప్పోరోకు మాత్రం ఆ రైలు ఇంకా చేరలేదు. అది చేరేదాకా అక్కడ పెద్ద విమానాలకు ఢోకా లేదు.

మేం జపాన్ వెళ్తే ఇందులో ఎక్కాలంటే ఏం చూసుకోవాలి?

బుకింగ్‌లో విమానం రకం చూపిస్తారు. 777, 787-10, ఎ350 అని ఉంటే పెద్దదే. చివరి నిమిషంలో మార్చే హక్కు సంస్థకు ఉంటుంది. హనెడాలో జపాన్ ఎయిర్‌లైన్స్‌కు టెర్మినల్ 1, ఆల్ నిప్పాన్‌కు టెర్మినల్ 2. సెక్యూరిటీ 20 నిమిషాల ముందు, గేటు 10 నిమిషాల ముందు దాటాలి. పది అంటే పదే, పదకొండు కాదు. చేతి సామాను 10 కిలోలు, చెక్-ఇన్ 20 కిలోలు. ఇంటర్నేషనల్ టికెట్ మీది 46 కిలోల అలవాటుతో వెళ్తే అదనంగా కట్టాలి. నీళ్ళ సీసా దేశీయ ప్రయాణంలో తీసుకెళ్ళొచ్చు.

పడమరకు, అంటే ఇటామికో ఫుకుఓకాకో వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ అడగండి. ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వతం కనిపిస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఎడమవైపు.

బెంగళూరు నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తే దిగేది నరీటాలో. హనెడాకు బస్సులో గంటకు పైనే, ట్రాఫిక్ ఉంటే ఇంకా. ఇమిగ్రేషన్, లగేజీ కలిపి రెండు విమానాల మధ్య నాలుగు గంటలు ఉంచుకోండి. హనెడా టెర్మినల్ 3లోనే దిగితే మిగతా టెర్మినళ్ళకు ఉచిత బస్సు ఉంది, రెండు గంటలు చాలు.